ముప్ఫై ఏడో గడి

నమూనాల శాఖ అనేది ఒకటుందని చాలామందికి తెలియదు. పుట్టినవాడి పేరు రాసే కాగితం దగ్గర్నుంచి పోయినవాడి పేరు కొట్టేసే కాగితం దాకా, ప్రభుత్వంలో ఎవరు ఏ దరఖాస్తు అచ్చు వేయించాలన్నా దాని గీతలూ గళ్ళూ ముందు ఈ శాఖలోనే తయారవుతాయి. మిగతా శాఖలు జనాన్ని పాలిస్తే, ఈ శాఖ ఆ జనాన్ని గళ్ళలో కూర్చోబెడుతుంది.

విజయనగరంలో ఉన్న ఆ శాఖ ప్రాంతీయ కార్యాలయంలో మజ్జి గౌరీశ్వరరావు సీనియర్ అసిస్టెంటు. ముప్ఫై రెండేళ్ళ సర్వీసు. గడి గీయడంలో అతన్ని మించినవాడు లేడని హెడ్డాఫీసు వాళ్ళే ఒప్పుకుంటారు. దరఖాస్తు పెట్టుకున్న మనిషి ఎక్కడ జారుకోబోతాడో ముందే పసిగట్టి సరిగ్గా అక్కడొక గడి పెట్టడం అతని ప్రత్యేకత. ఇరవయ్యేళ్ళ కిందట అతను ఒక నోటు రాశాడు. ఏమడిగినా జనం "వర్తించదు" అని రాసి చేతులు దులుపుకుంటున్నారనీ, ఆ మాటని అన్ని నమూనాల్లోంచీ తీసేయాలనీ ఆ నోటు సారాంశం. తీసేశారు. ఒక్క గడి ఖాళీగా ఉన్నా నమూనా చెల్లదన్న నియమం కూడా అతని కలంలోంచి వచ్చిందే. ఈ రెంటికీ కలిపి ఒక ప్రశంసాపత్రం ఇస్తే, అద్దం కట్టించి ఇంట్లో గడియారం పక్కన తగిలించుకున్నాడు.

ఇంతటివాడికి కూర్చోడానికి కుదురైన కుర్చీ లేదు. ఉన్న కుర్చీకి వెనక ఎడమ కాలు పదకొండేళ్ళ కిందటే బెత్తెడు విరిగింది. ఆ కాలి కింద రద్దయిపోయిన నమూనాల కట్ట ఒకటి ఎత్తుగా పెట్టుకుని నెట్టుకొస్తున్నాడు. కట్ట నలిగేకొద్దీ కుర్చీ ఎడమకి ఒరిగేది. కుర్చీతో పాటు గౌరీశ్వరరావూ ఒరిగేవాడు. కొత్త కుర్చీ కావాలని ఏటా ఇండెంటు పెట్టేవాడు, ఏటా ఏదో ఒక గడి కింద అది తిరిగొచ్చేది. నడుం నొప్పి మాత్రం ఒకసారి వచ్చి అతని దగ్గరే ఉండిపోయింది. పొద్దున్నే మంచం మీంచి లేవడానికి అతనికి పావుగంట పట్టేది.

అలా ఉండగా శాఖ సంచాలకులు విద్యాధరరావు గారు ఏదో సదస్సుకని బెంగుళూరు వెళ్ళారు. ఆయన మెడ రెండేళ్ళుగా ఎడమవైపు తిరగడం మానేసింది. అక్కడెవరో చెబితే ఒక కైరోప్రాక్టర్ దగ్గరికి వెళ్ళారు. మందూ మాకూ లేకుండా, చేతులతోనే వెన్నుపూసల్నీ కీళ్ళనీ సర్దే వైద్యం అది. ఆ డాక్టరు మెడ పట్టుకుని ఒడుపుగా ఒక్క కదుపు కదిపేసరికి టక్కుమని చప్పుడైంది, మెడ తిరిగింది. సంచాలకులు తిరిగొచ్చి మొదటి సమావేశంలో, రెండేళ్ళుగా తన ఎడమపక్కనే కూర్చుని కునుకు తీస్తున్న అదనపు సంచాలకుణ్ణి కళ్ళారా చూశారు. శాఖ ఎందుకు వెనకబడిందో ఆ క్షణంలోనే ఆయనకి బోధపడిందని హెడ్డాఫీసులో చెప్పుకుంటారు.

వారం తిరక్కుండా సర్క్యులర్ వచ్చింది. విషయం: ఉద్యోగుల వెన్నెముకల క్రమబద్ధీకరణ గురించి.

"దస్త్రములు సకాలమున కదలకపోవుటకు కారణము ఉద్యోగుల వెన్నుపూసలు కదలకపోవుటయే అని సంచాలకుల వారి స్వానుభవము వలన నిర్ధారణ అయినందున, ప్రతి ఉద్యోగియు మూడు మాసములలోపు కైరోప్రాక్టిక్ చికిత్స పొంది నిటారు ధ్రువపత్రము దాఖలు చేయవలెను. అట్లు చేయనివారు దబ్బగూడ ఉప డిపోకు బదిలీ చేయబడుదురు."

అచ్చయిన నమూనాల కట్టలు నిలవ చేసే ఆ దబ్బగూడ డిపో కొండల మీద ఉంది. మూడున్నర గంటల బస్సు, నలభై ఒక్క మలుపులు. గొయ్యి లేనిచోట రోడ్డు లేదు, రోడ్డు ఉన్నచోట గొయ్యి ఉంది. నడుం బాగున్నవాళ్ళే ఒకసారి వెళ్ళొస్తే రెండ్రోజులు పడుకుంటారు. నడుం బాగులేదని తేలినవాళ్ళని అక్కడికే పంపుతామనడంలో ఉన్న న్యాయం ఏమిటని ఎవరూ అడగలేదు, ఎందుకంటే సర్క్యులర్‌లో సందేహాలకు గడి లేదు. రిటైర్మెంటుకి పద్నాలుగు నెలలున్న గౌరీశ్వరరావుకి మాత్రం ఆ రాత్రి అన్నం సహించలేదు. ఆ బస్సులో నెల్లాళ్ళు తిరిగితే తను పెన్షన్ కాగితం పడుకునే అందుకోవాలని అతనికి తెలుసు.

మర్నాడు సూపరింటెండెంటు పొట్నూరు దాలినాయుడు అతన్ని పిలిచాడు. దాలినాయుడు చెడ్డవాడు కాదు. పైనుంచి ఏమొస్తే అది కిందకి పంపడం తప్ప ఇంకో వ్యాపకం లేని మనిషి.

"గౌరీశ్వర్రావు గారూ, ఆ నిటారు పత్రానికి నమూనా మనమే గీయాలట. హెడ్డాఫీసోలు మీ పేరే చెప్పేరు" అన్నాడు.

ఊళ్ళో కైరోప్రాక్టర్ ఒక్కరే ఉన్నారు, డాక్టర్ నస్రీన్. ఆవిడ కొత్త రోగులకిచ్చే కాగితం ఒకటి తెప్పించి చూపించాడు. రెండు పేజీలు. నొప్పి ఎక్కడ, ఎన్నాళ్ళుగా, ఎప్పుడైనా పడ్డారా, ఏం మందులు వాడుతున్నారు, కాళ్ళు తిమ్మిరెక్కుతున్నాయా, ఎముకల జబ్బేమైనా ఉందా. చివర్లో ముందు నుంచీ వెనక నుంచీ మనిషి బొమ్మ, నొప్పి ఉన్నచోట సున్నా చుట్టమని. గౌరీశ్వరరావు దాన్ని జాలిగా చూశాడు.

"ఇందులో రుజువేదండీ? నొప్పుందని రోగే చెప్తాడు, తగ్గిందనీ రోగే చెప్తాడు. మధ్యలో ప్రభుత్వానికి తెలిసేదేటి?"

"అదే నానూ అనుకున్నాను" అన్నాడు దాలినాయుడు, అంతకు ముందు ఏమీ అనుకోకపోయినా.

గౌరీశ్వరరావు మూడ్రోజులు ఆలోచించాడు. రెండు పేజీల్ని పద్నాలుగు చేశాడు. తండ్రి వెన్నెముక వివరాలు, స్థానికతకు ఆధారం, గతంలో ఏ ప్రభుత్వ పథకం కిందనైనా నిటారు అయి ఉంటే ఆ ఉత్తర్వు సంఖ్య, అన్నీ వచ్చాయి. రుజువు మాత్రం దొరకలేదు. నాలుగోరోజు మధ్యాహ్నం, నడుం నొప్పితో కుర్చీలో అటూ ఇటూ సర్దుకుంటుండగా కిందినుంచి కుర్చీ కిర్రుమంది, అతనికి తట్టింది. ముప్ఫై ఏడో గడి గీశాడు. "చికిత్సా సమయమున వెలువడిన శబ్దము: స్పష్టము లేక అస్పష్టము. వినిన అధికారి సంతకము."

దాలినాయుడు ఆ గడిని చాలాసేపు చూశాడు. "నొప్పి ఉద్యోగి చెప్పీ మాట. చప్పుడు ఆఫీసరు వినీ సాక్ష్యం. మీకు మీరే సాటండి" అన్నాడు. వినే అధికారికి శ్రవణాధికారి అని పేరు పెట్టి, ఈ కార్యాలయానికి దాలినాయుణ్ణే వేశారు.

అందరికంటే ముందు గౌరీశ్వరరావే వెళ్ళాడు. నొప్పి నిజంగా ఉన్నవాడు ఆఫీసు మొత్తానికి అతనొక్కడే.

నస్రీన్ క్లినిక్ చిన్నది. మధ్యలో ముఖం పెట్టుకోడానికి కన్నం ఉన్న పొడుగాటి బల్ల, గోడకి వెన్నెముక బొమ్మ. దాలినాయుడు పద్నాలుగు పేజీల కట్ట ఒళ్ళో పెట్టుకుని బల్ల పక్కనే స్టూలు వేసుకు కూర్చున్నాడు. ఆవిడ ఆ కట్టని పక్కన పెట్టించి, గౌరీశ్వరరావుకి ఎదురుగా కూర్చుని అరగంట ప్రశ్నలే అడిగింది. ఎప్పుడు మొదలైంది, ఏం చేస్తే ఎక్కువవుతుంది, రాత్రి నిద్రలోంచి లేపుతుందా. అడిగిన ప్రతిసారీ అతను చెప్పేది పూర్తయ్యేదాకా ఆగింది. ముప్ఫై రెండేళ్ళలో గౌరీశ్వరరావు కొన్ని వేల ప్రశ్నలు తయారు చేశాడు గానీ, ఒక ప్రశ్న అడిగి జవాబు కోసం ఎదురుచూసే మనిషిని చూడటం ఇదే మొదలు.

తర్వాత నిలబెట్టి వంగమంది, మడమల మీద నడిపించింది, మోకాలి కింద చిన్న సుత్తితో తట్టి చూసింది. ఏ మందులు వాడుతున్నారని అడిగితే, ఆయాసానికి తొమ్మిదేళ్ళుగా మింగుతున్న మాత్రల పేరు చెప్పాడు. కిందటి వానాకాలంలో రికార్డు గదిలో నిచ్చెన మీంచి పడ్డ సంగతీ చెప్పాడు. ఆవిడ కలం ఆపి, ఎక్స్‌రే తీయించుకు రమ్మంది.

రెండోసారి వెళ్ళినప్పుడు ఎక్స్‌రే వెలుగుకి పట్టి చూపించింది.

"గౌరీశ్వరరావు గారూ, ఆ మాత్రల వల్ల మీ ఎముకలు పల్చబడ్డాయి. ఒక్కసారిగా నొక్కి సర్దే పద్ధతి మీకు చెయ్యకూడదు, చేస్తే పూస విరగొచ్చు. కండరాలు మెల్లగా సడలిస్తాను, నాలుగు వ్యాయామాలు నేర్పుతాను. ఒకటి రెండు రోజులు ఒళ్ళు నొప్పులుంటాయి, కంగారు పడకండి. ఎముకల డాక్టరుకి చీటీ రాస్తాను, తప్పకుండా చూపించుకోండి. రోజూ పది నిమిషాలు గచ్చు మీద వెల్లకిలా పడుకోండి. అన్నిటికంటే ముందు మీ కుర్చీ మార్చండి. ఎగుడుదిగుడు బస్సు ప్రయాణాలు పెట్టుకోకండి."

"చప్పుడో?" అన్నాడు దాలినాయుడు స్టూలు మీంచి.

"వీరికి చప్పుడు రాదండీ."

"కొంచెం కూడానా?"

"ఆ చప్పుడు కీలులో గాలి బుడగ చేసేది. అది వచ్చినంత మాత్రాన నయమైనట్టు కాదు, రాకపోతే నయం కానట్టూ కాదు. దాన్ని మేం పట్టించుకోం."

దాలినాయుడు గౌరీశ్వరరావు వంక చూశాడు. "పట్టించుకోరంటన్నారు. చప్పుడే రాకపోతే అస్పష్టమని కూడా రాయలేం. ముప్ఫై ఏడుకి ఏటి రాద్దుం?"

నస్రీన్ కాగితం అందుకుంది. "వర్తించదు అని రాసేస్తాను, సరేనా?"

గౌరీశ్వరరావు కాగితం మీద చెయ్యి అడ్డం పెట్టాడు. "ఆ మాట లేదండీ."

"అదేం, ఎందుకు లేదు?"

"నానే తీయించీసేనండి" అన్నాడతను నేల చూపులు చూస్తూ.

ఆవిడ కాగితం పక్కన పెట్టి, అతన్ని బల్ల మీద పడుకోమంది. ఆ రోజు ఆవిడ చేతులు అతని నడుం మీద పావుగంట పనిచేశాయి. ఏమాత్రం చప్పుడు లేదు. మూడు వారాలు వెళ్ళాడు, చెప్పిన వ్యాయామాలు చేశాడు, ఎముకల డాక్టరు రాసిన మందులు వేసుకున్నాడు. నాలుగో వారం ఒక పొద్దున్న మామూలు మనిషిలా లేచి కూర్చుని, పళ్ళు తోముకుంటుండగా ఆ సంగతి గమనించి, భార్య వరహాలుని పిలిచి చెప్పాడు. చెబుతూ చెబుతూ అతనికి ముప్ఫై ఏడో గడి గుర్తొచ్చింది. అది ఖాళీగానే ఉంది.

ఈలోగా మిగతావాళ్ళు నిటారు అవుతున్నారు. టైపిస్టు ఆదిలక్ష్మికి నడుం దివ్యంగా ఉంది. నీకు వైద్యం అక్కర్లేదని డాక్టరు చెబుతుండగానే ఆవిడ బల్ల దిగి, ఖాళీ నీళ్ళ సీసా ఒకటి మడమతో తొక్కింది. "స్పష్టము" అని దాలినాయుడు రాసేశాడు. ఆ తర్వాత ఎవరి తెలివి వాళ్ళది. ఒకడు నోట్లో పటికబెల్లం కొరికాడు, ఇంకొకడు జేబులో వేరుశనక్కాయలు నలిపాడు, చాలామంది చెప్పు కింద గుమ్మడి వడియం పెట్టుకెళ్ళారు. డాక్టరు వద్దన్నకొద్దీ చప్పుళ్ళు ఎక్కువయ్యాయి. ఒక గుమాస్తా వెన్ను నుంచి ఒక్క పూటలో నలభై మూడు శబ్దాలు వెలువడినట్టు నమోదైంది.

మనిషికి అన్ని పూసలు లేవని ఎవరో సంచాలకుల చెవిన వేశారు. శబ్ద ప్రామాణిక సంఘం ఏర్పడింది. సంఘం రెండు వారాలు కూర్చుని నివేదిక ఇచ్చింది. "చిటికెన వ్రేలి మందము గల ఎండు చింతపుల్లను మూడు బారల దూరమున విరిచిన ఎంత శబ్దము వెలువడునో, అదియే ప్రామాణిక శబ్దముగా పరిగణించవలెను." ప్రతి ప్రాంతీయ కార్యాలయానికీ లక్క ముద్ర వేసిన చింతపుల్లల పొట్లాలు వచ్చాయి. శ్రవణాధికారులందరికీ చెవి పరీక్షలు జరిగాయి. దాలినాయుడికి ఎడమ చెవి చాలదని తేలి, ఉద్యోగి ఎటుపక్కనుంటే అటు కుడిచెవి తిప్పి కూర్చోవాలని ఉత్తర్వు వచ్చింది.

ఈ పొట్లాలు చూశాక నస్రీన్ క్లినిక్ తలుపు దగ్గర ఒక బోర్డు పెట్టింది. నడుం నొప్పి ఉన్నవాళ్ళు మాత్రమే లోపలికి రావాలనీ, సాక్షులు బయటే ఉండాలనీ. శాఖ అలాంటి అడ్డంకులకి వెనకాడేది కాదు. ఇంకో సర్క్యులర్ దిగింది.

"చికిత్స పొందిన పిమ్మట శబ్దము ఆలస్యముగా వెలువడు అవకాశము కలదు గనుక, అట్టి విలంబిత శబ్దమును సంయుక్త సంచాలకుల వారు కార్యాలయమునకు స్వయముగా విచ్చేసి ఆలకించి పరిష్కరించెదరు. అప్పటికిని శబ్దము వెలువడని వారు మరుసటి దినమే దబ్బగూడలో చేరవలెను."

జిల్లా మొత్తం మీద శబ్దం పెండింగులో ఉన్నది గౌరీశ్వరరావు ఒక్కడిదే. సంయుక్త సంచాలకులు భానుమూర్తి గారు గురువారం వస్తారన్నారు.

బుధవారం సాయంత్రం వరహాలు అతని ముందు కాఫీ పెట్టి, పక్కన చిన్న పొట్లం పెట్టింది. విప్పితే గుమ్మడి వడియాలు, రెండు.

"ఇవేటి?"

"మీకు తెలవదేటండీ."

"నా గడిలో నానే అబద్ధం రాయించనా, వరహాలూ?"

"మీ గడి కాబట్టే అడుగుతన్నాను. ఆ డాక్టరమ్మ ఏటంది? కుదుపు తగిలితే పూస ఇరుగుతాదంది. నాకు మీ గడి కావాలా, మీ నడుం కావాలా?" అని ఆవిడ కొంగుతో కళ్ళొత్తుకుని వంటింట్లోకి వెళ్ళిపోయింది.

గౌరీశ్వరరావు గోడ మీది ప్రశంసాపత్రం వైపు చూశాడు. ఇరవయ్యేళ్ళుగా ఎంతమంది ఎన్ని గళ్ళ ముందు ఇలాగే కూర్చుని ఉంటారో అన్న ఆలోచన మొట్టమొదటిసారి అతనికి వచ్చింది. వితంతువు పెన్షన్ కాగితంలో "భర్త ప్రస్తుత చిరునామా" అన్న గడి ఉంది. అది తనే పెట్టాడు. దానికి వాళ్ళు ఏం రాస్తున్నారో ఎన్నడూ కనుక్కోలేదు. సిగ్గేసింది. కాఫీ చల్లారిపోయాక పొట్లం తీసి చొక్కా జేబులో పెట్టుకున్నాడు.

గురువారం తెల్లారినప్పట్నుంచీ వాన. పెద్దాఫీసరు వస్తున్నారని దాలినాయుడు గదంతా కడిగించి, బల్లల కింద పేరుకున్న చెత్తంతా ఎత్తించేశాడు. భానుమూర్తి గారు పదకొండింటికి వచ్చారు. నిండైన మనిషి, మాట్లాడితే అచ్చు కాగితం చదివినట్టుంటుంది.

"ఉద్యోగి ఎవరు?"

గౌరీశ్వరరావు ముందుకొచ్చి నిలబడ్డాడు. వడియం ఎడమ చెప్పులో, మడమ కింద ఉంది.

"మీ చికిత్స ఫలితమును ఆలకించుటకు ప్రభుత్వము సిద్ధముగా ఉన్నది. ప్రారంభించండి."

గౌరీశ్వరరావు నడుం మీద చెయ్యేసుకుని, కొద్దిగా వెనక్కి వంగినట్టు వంగి, మడమ నొక్కాడు. ఏమీ వినిపించలేదు. ఇంకోసారి నొక్కాడు. వానకి వడియం మెత్తబడి అప్పచ్చిలా అణిగిపోయింది.

"పోల్చి చూచుటకు ప్రామాణిక శబ్దమును వినిపించండి" అన్నారు భానుమూర్తి గారు.

దాలినాయుడు లక్క పగలగొట్టి, మూడు బారలు కొలిచి నిలబడి చింతపుల్ల విరిచాడు. పుల్ల వంగింది గానీ విరగలేదు. ఇంకో పుల్ల తీశాడు, అదీ వంగింది. పొట్లం పొట్లమంతా తేమ పట్టి ఉంది.

"ప్రామాణిక శబ్దము కూడా విలంబములో ఉన్నది" అని భానుమూర్తి గారు గంభీరంగా నోటు రాసుకుని చేతి గడియారం చూసుకున్నారు. "పన్నెండు గంటల వరకు వేచెదము. ఉద్యోగి తన సహజ స్థానమున ఆసీనుడు కావచ్చును."

గౌరీశ్వరరావు తన బల్ల దగ్గరికి నడిచాడు. రేపీ పాటికి తను ఎన్నో మలుపులో ఉంటాడో లెక్కేసుకుంటున్నాడు. పదకొండేళ్ళ అలవాటు కొద్దీ వెనక్కి చూడకుండా కూలబడ్డాడు. కుర్చీ కాలి కింది కట్టని పొద్దున్న చెత్తతోపాటు ఎత్తేశారన్న సంగతి అతనికి తెలియదు.

ఫెళ్ళుమని చప్పుడైంది. రెండు గదుల అవతలున్న ఆదిలక్ష్మి టైపు ఆపేసింది. కుర్చీ మూడు ముక్కలై అటూ ఇటూ పడింది, గౌరీశ్వరరావు గచ్చు మీద వెల్లకిలా ఉన్నాడు. దాలినాయుడు పరుగున వచ్చి లేపబోయాడు.

"ఉద్యోగిని తాకవద్దు" అన్నారు భానుమూర్తి గారు లేచి నిలబడి. ఆయన ముఖం వెలిగిపోతోంది. "వెలువడినది. స్పష్టము. రాయండి."

"అది కుర్చీ అండీ" అన్నాడు దాలినాయుడు మెల్లిగా.

"గడిలో అడిగినదేమి? శబ్దము వెలువడినదా అని. ఎచ్చటి నుండి అని అడిగినదా?"

దాలినాయుడు కాగితం తిరగేసి చూశాడు. లేదు. గచ్చు మీద పడి ఉన్న గౌరీశ్వరరావుకి కూడా ఆ సంగతి అప్పుడే తట్టింది. శబ్ద మూలం అన్న గడి పెట్టడం మర్చిపోయాడు. ముప్ఫై రెండేళ్ళలో అతను వదిలేసిన గడి అదొక్కటే. ఆ ఒక్కటీ తనని కాపాడుతోందని తెలిసినా, పనివాడు కనుక కాస్త చిన్నతనంగానే అనిపించింది.

భానుమూర్తి గారు స్కేలు తెప్పించి, పడుకున్న మనిషి పక్కన గచ్చు మీద పెట్టి తల నుంచి మడమ దాకా పరిశీలించారు. "వెన్ను నేలకు సమాంతరముగా ఉన్నది. నిటారు" అని సంతకం చేశారు. అదృష్టం బాగుండి గౌరీశ్వరరావుకి ఏమీ విరగలేదు, సాయంత్రం నస్రీన్ చూసి ఆ మాట చెప్పింది. అప్పటికి మాత్రం కడిగిన గచ్చు చల్లగా ఉంది, పది నిమిషాలు వెల్లకిలా పడుకోమని డాక్టరు చెప్పనే చెప్పింది, తనని తాకవద్దని ప్రభుత్వం కూడా అంటోంది. లేపేదాకా అలాగే పడుకున్నాడు.

ధ్రువపత్రం వచ్చింది, దబ్బగూడ తప్పింది. వరహాలు ఆంజనేయస్వామికి వడమాల వేయించింది. విరిగిన కుర్చీ ముక్కల్ని "శబ్ద జనక వస్తువు" అని చీటీ కట్టి, ముద్ర వేసి, హెడ్డాఫీసు మ్యూజియానికి పట్టుకెళ్ళారు. గౌరీశ్వరరావు కొత్త కుర్చీకి ఇండెంటు పెట్టాడు. ఈసారి నస్రీన్ రాసిచ్చిన చీటీ కూడా జతచేశాడు. "వీరి నడుం నిలబడాలంటే వీరికి సరైన కుర్చీ ఇవ్వండి" అని ఆవిడ ఒక్క ముక్క రాసింది.

నెల్లాళ్ళు అతను నిలబడే పనిచేశాడు. సాయంత్రమయ్యేసరికి నొప్పి మళ్ళీ మొదటికొచ్చేది. బల్ల అంచు పట్టుకుని ఎడమకి ఒరిగి రాసుకునేవాడు. కుర్చీ లేకపోయినా ఒరగడం మాత్రం పోలేదు.

ఆ తర్వాత ఒక శుక్రవారం ఇండెంటు తిరిగొచ్చింది. దాని పైన ప్రత్యేక ఉత్తర్వు ఒకటి కుట్టి ఉంది. ఇరవయ్యేళ్ళ కిందట తొలగించిన ఒక పదమును, ఈ ఇండెంటు పరిష్కారము నిమిత్తము మాత్రమే, ఒక్కసారికి పునరుద్ధరించడమైనదని అందులో రాసి ఉంది. కింద ఇండెంటు గడిలో ఎర్ర సిరాతో, "ఉద్యోగి నిటారుగా ఉన్నట్లు ధ్రువీకరింపబడినందున కుర్చీ వర్తించదు."

గౌరీశ్వరరావు దాన్ని నిలబడే రెండుసార్లు చదివాడు. తిరిగొచ్చిన ఇండెంట్లు పెట్టే చోటు బీరువా అట్టడుగు అర. పదకొండు పాత ఇండెంట్లూ అక్కడే ఉన్నాయి. కాగితం చేత్తో పట్టుకుని మెల్లిగా వంగాడు. సగం వంగేసరికి నడుంలోంచి టక్కుమని చప్పుడొచ్చింది. ఈసారి అది నిజంగా అతని వెన్నులోంచే వచ్చింది, చింతపుల్ల విరిచినంత స్పష్టంగా. అతను పైకి లేవలేక బీరువా తలుపు పట్టుకుని అలాగే ఉండిపోయాడు.

అవతలి బల్ల దగ్గర దాలినాయుడు కుడిచెవి ఇటు తిప్పాడు. తర్వాత మళ్ళీ దస్త్రంలోకి వంగి, తలెత్తకుండానే అన్నాడు.

"మీది అయిపోయింది కదండీ, గౌరీశ్వర్రావు గారూ. రెండో చప్పుడుకి మీరు గడి పెట్టలేదు."